సర్దారు చెవి కింది గడ్డ

మా అక్క తన కాపురం మొత్తంలో మా బావ నోట్లో వేలు పెట్టి వెతికింది ఒక్కసారే. ఆదివారం పొద్దున. మటన్ కడుగుతున్న గిన్నె పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుని, పేపరు చదువుతున్న మనిషి ముందు వచ్చి నిలబడింది.

"నోరు తెరువు."

"ఏందే పొద్దుగాల పొద్దుగాల?"

"తెరువుమంటున్న. ఆ కుడిబుగ్గల ఏం దాసినవ్? మళ్ల షురూ చేసినవ్ గదా తంబాకు! మనుమరాలి మీద ఒట్టేసినోనివి, సిగ్గనిపిస్తలేదా?"

మనవరాలు పుట్టిన రోజున బావ తన తంబాకు డబ్బీని గోదావరి బ్రిడ్జి మీద నుంచి నీళ్లలోకి విసిరేశాడు. ఆ డబ్బీ పడ్డ చోట చేపలన్నీ తుమ్ముకుంటూ మంథని దాకా పోయాయని నేను చాలామందికి చెప్పాను. చేపల సంగతి నా సొంతం. డబ్బీ విసిరిన మాట నిజం, పక్కన నేనే ఉన్నాను. ఆ తర్వాత ఆయన మళ్లీ తంబాకు ముట్టలేదు.

అయినా అక్కను తప్పుపట్టలేం. మా గోదావరిఖనిలో బొగ్గుబాయిలోకి దిగే మనిషి జేబులు తడిమి, బీడీ, అగ్గిపెట్టె లేవని చూసుకుని గాని పంపరు. లోపల గ్యాసు ఉంటుంది కాబట్టి నిప్పు మాటే వద్దు. పొగతో తీరని కోరికను మావాళ్లు తంబాకు ముద్ద చేసి బుగ్గన పెట్టుకుంటారు. షిఫ్టులో సగంమందికి ఒక బుగ్గ ఎత్తుగా కనిపిస్తుంది. కొందరికి పెళ్లి ఫొటోల్లో కూడా అంతే. అందుకే మా బావ కుడిచెవి కింద ఉబ్బు నాలుగేళ్లుగా పెరుగుతున్నా మాలో ఎవరికీ అది రోగమని తోచలేదు. ఎదురుపడ్డవాళ్లు "సర్దార్ సాబ్, ఒక చిటికెడు" అని చెయ్యి చాపేవాళ్లు. ఆయన లేదంటే పిసినారి అనుకుని పోయేవాళ్లు.

అక్క వేలు నోరంతా తిరిగొచ్చింది. ఏమీ దొరకలేదు. అప్పుడు బయటి నుంచి పట్టి చూసింది. చెవి తమ్మె కింద, దవడ మూల మీద ఉసిరికాయంత గడ్డ. నొక్కితే అటూ ఇటూ కదులుతోంది, గట్టిగా ఉంది.

"నొస్తదా?"

"లే. టోపీ పట్టీ రాసుకుని లేసిందే. ముప్పై ఏండ్లు అదే జాగల పట్టీ కట్టిన, గుర్రానికి జీను కాయ కాసినట్టు కాసింది."

ఈ తప్పు బొగ్గుబాయి మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు. గడ్డకు మందుగా ఆయన హెల్మెట్ పట్టీని మూడుసార్లు మార్చాడు. ఒకసారి మెత్తటి గుడ్డ చుట్టాడు. ఒకసారి ముడిని ఎడమ పక్కకు తిప్పుకున్నాడు. గడ్డకు ఈ వైద్యం నచ్చినట్టుంది, నిమ్మళంగా పెరుగుతూ పోయింది.

"రేపే దవాఖానకు నడువు" అంది అక్క. బావ సరేనన్నాడు. ఆ రేపు రావడానికి మరో ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో జరిగిన దానికి బాధ్యుణ్ని నేను.

మా బావ మైనింగ్ సర్దార్. గనిలో ఒక భాగానికి ఆయన పెద్ద. మేము లోపల అడుగు పెట్టకముందే తాను పోయి గాలి చూడాలి, గ్యాసు చూడాలి, మా నెత్తిమీది రాతికప్పును కర్రతో కొట్టి చూడాలి. ఆ కప్పును మేము రూఫు అంటాం. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన రాయి డొల్లగా మోగుతుంది. ఆయన డొల్ల అన్నచోట చెక్క దిమ్మెలు నిలబెట్టి ఎత్తిపట్టించే టింబర్‌మన్‌ను నేను.

రూఫు కొట్టే సర్దార్లు చాలామంది ఉన్నారు. వినే సర్దార్లను నేను ఇద్దరినో ముగ్గురినో చూశాను. మా బావ ఇనుప పొన్ను వేసిన కర్రతో ఒక్క దెబ్బ వేసి, అది చల్లారేదాకా ఊపిరి పీల్చడు. చేతికందే ఎత్తు ఉన్నచోట ఎడమ అరచేయి రాతికి ఆనించి, కుడిచేత్తో కొడతాడు. చెవికి అందని అదురు అరచేతికి అందుతుందంటాడు. అడుగు జరిగి మళ్లీ ఒక దెబ్బ. ఎవరు తొందరపెట్టినా, పై ఆఫీసరు వెనక నిలబడి గడియారం చూసినా ఆ అడుగు ఒకటిన్నర అడుగు కాదు. ఆయన కింద పనిచేసిన పదిహేడేళ్లలో మా జాగాలో బండ పడి ఒక్క మనిషి కాలు విరగలేదు. ఈ ముక్కలో నా సొంతం ఏమీ కలపలేదు.

ఇక నా తప్పు సంగతి. ఒక మధ్యాహ్నం అందరం సద్ది డబ్బాలు తెరిచి కూర్చున్నాం. బావ చెవి కింద గోక్కున్నాడు. తల ఎత్తి పైకి చూసి, "లేవుండ్రి. అవుతల కూసోండ్రి" అన్నాడు. గొణుక్కుంటూ లేచాం. పావుగంట గడవకముందే మేము కూర్చున్న జాగాలో మంచమంత బండ పడింది. నా డబ్బా, అందులోని రెండు కోడిగుడ్లు దాని కిందే ఉండిపోయాయి.

పైనుంచి సన్నగా నుసి రాలడం ఆయన చూశాడు. అంతే సంగతి. కాని క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ అంతే సంగతి చెబితే ఎవరు వింటారు?

"మా బావ చెవి కింద గడ్డ ఉన్నది సూడు, గది ఉత్త గడ్డ గాదు" అన్నాను. "రూఫు ఇడిసేముందు అది గుంజుతది. ఎంత పెద్ద బండైతే అంత జోరుగ గుంజుతది."

"నిజమా అన్నా?"

"నా కోడిగుడ్ల మీద ఒట్టు."

కథకు కాళ్లు నేను పెట్టలేదు, అదే నడిచిపోయింది. గోలేటి గనుల దాకా పోయి, కాసిపేట మీదుగా తిరిగి మా బాయికి చేరేసరికి, మా బావ గడ్డ పెద్ద బండకు రెండుసార్లు, చిన్న బండకు ఒకసారి కొట్టుకుంటోంది. ఎవరో దానికి పసుపు రాయమని మా అక్కకు సలహా కూడా ఇచ్చారు. నాకు గర్వంగా ఉండేది. పక్క బాయివాళ్లు నా కథ నాకే చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను.

ఒకరోజు వేరే బాయి నుంచి బదిలీ మీద వచ్చిన ఒకతను, ఇంకా దిమ్మెలు పెట్టని జాగాలోకి పోయి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. పైన రాయి సన్నగా కిరకిరమంటోంది, పదడుగుల దూరంలో ఉన్న నాకే వినిపించింది. బావ పరుగున పోయి అతని చొక్కా పట్టి ఇవతలకు లాగాడు.

"చెవులు లేవా నీకు? రూఫు మొత్తుకుంటంది!"

అతను బెదరలేదు. "మీ చెయ్యి గడ్డ మీద లేకుండె సర్దార్ సాబ్. నేను అదే సూస్తున్న. అందుకే ఫికర్ చెయ్యలే."

బావకు మొదట అర్థం కాలేదు. పక్కనున్నవాళ్లు వివరంగా చెప్పారు, రెండుసార్లు కొట్టుకోవడంతో సహా. ఆయన క్యాప్ ల్యాంపు వెలుగు మెల్లగా తిరిగి నా మొహం మీద ఆగింది. షిఫ్టు దిగాక, స్కూటర్ స్టాండు దగ్గర అన్నాడు.

"నీ నోటికి దిమ్మె పెట్టాలె బామ్మర్దీ."

"నవ్వులాటకు జెప్పిన బావా."

"నీ నవ్వులాటకు ఇయ్యాల మనిషి పోతుండె."

స్కూటర్ తాళం తీస్తూ ఆయనే, "రేపు దవాఖానకు పోదాం. ఈ గడ్డ ఉన్నన్ని దినాలు వీళ్లు రూఫు ఇనరు, నా మొహం సూస్తరు" అన్నాడు. భార్య ఏడు నెలలు పోరినా కదలని మనిషి అలా కదిలాడు.

కంపెనీ దవాఖానలో డాక్టరు గడ్డను బయటి నుంచి పట్టి, నోట్లోంచి వేలితో తడిమి, కళ్లు గట్టిగా మూయమని, పళ్లు చూపమని, బుగ్గలు ఊదమని అన్నీ చేయించాడు. తర్వాత హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. అక్కడ స్కానింగ్ తీశారు. సన్నసూది గుచ్చి గడ్డలోంచి చుక్కంత తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు మా అక్క అన్నం కలుపుకునేది గాని తినేది కాదు. తంబాకు తిన్న నోరు కదా, ఆ భయం. పైకి మాత్రం ఒక్క మాట అనలేదు, ఇన్నేళ్లు తిట్టిన మనిషి.

నాలుగో రోజున సర్జన్ పిలిచింది. చిన్న మనిషి, చేతులు ఇంకా చిన్నవి. యాభై ఏళ్లుంటాయి. కాగితం బల్లమీద పెట్టి ముందు ఆ మాటే చెప్పింది. "ఇది క్యాన్సర్ కాదు."

మా అక్క కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంది.

"చెవి ముందు నుంచి దవడ మూల దాకా, రెండు పక్కలా ఉమ్మి తయారుచేసే గ్రంథి ఉంటుంది. ఈ గడ్డ అందులో పుట్టింది. దీన్ని ప్లియోమార్ఫిక్ అడినోమా అంటారు. తంబాకుతో వచ్చిందని కూడా చెప్పలేం."

"టోపీ పట్టీతోని?" అని అడిగాడు బావ. ఆమె నవ్వు ఆపుకుంటూ కాదంది.

"ఉమ్మి నోట్లె పుట్టదా మేడం?"

"ఇక్కడ పుట్టి, సన్నటి గొట్టంలో నడిచి నోట్లో పడుతుంది."

బావ నా వైపు తిరిగాడు. "సూసినవా? పంపు గీడ, నల్లా గాడ." ఆయన గొంతులో ఉన్నది భయం కాదు. యాభై నాలుగేళ్లు తన తలలో పనిచేస్తున్న యంత్రం సంగతి ఇప్పుడే తెలిసిన ఆనందం.

అక్క అడిగింది. "మంచి గడ్డే అంటున్నరు గద మేడం. మంచిదైతే ఉండనీయరాదు?"

"ఇవ్వాళ మంచిదే అమ్మా. కాని పెరుగుతూనే ఉంటుంది. ఏళ్లతరబడి వదిలేస్తే కొందరిలో చెడ్డదిగా మారుతుంది. పెరిగినకొద్దీ తియ్యడం కూడా కష్టం." కాగితం మీద ఒక చెవి గీసి, దాని ముందు చెట్టుకొమ్మల్లాంటి గీతలు గీసింది. "ముఖాన్ని కదిలించే నరం ఈ గ్రంథి మధ్యలోంచే పోతుంది. కన్ను మూసేది, నవ్వేది, ఈల వేసేది అన్నీ దీని కొమ్మలే. దీన్ని కాపాడుకుంటూ గడ్డ తీస్తాను. కొన్నాళ్లు మూతి వంకరగా, కన్ను సరిగ్గా మూతపడకుండా ఉండొచ్చు. చాలామందిలో తిరిగొస్తుంది. అందరిలో వస్తుందని మాత్రం మాటివ్వను."

"కన్ను మూతపడకపోతే?"

"చుక్కలు వేసుకోవాలి. దుమ్ము తగలకుండా కాపాడుకోవాలి."

"నేను బొగ్గుబాయిల పనిచేస్త మేడం."

ఆమె పెన్ను ఆగింది. దుమ్ములో మూతపడని కన్నుతో ఎవరినీ కిందికి పంపరు. పైన ఏదో ఒక బల్ల దగ్గర కూర్చోబెడతారు. జీతం ఆగదు, మనిషి ఆగిపోతాడు. మా బావ పైపనికి వచ్చినవాళ్లను చూస్తూ "పాపం" అనడం నేను విన్నాను. ఆయన దగ్గర పని అంటే కర్ర, అరచేయి, వినడం. ఆ మూడూ గనిలోపలే పనికొస్తాయి.

నేను ఇక లేచి పోదామనుకున్నాను. బావ మాత్రం బొమ్మను తన వైపు తిప్పుకున్నాడు.

"ఇంత మాంసంల నరం ఎట్ల దొరకవడ్తరు మేడం?"

ఆమెను ఇంతకుముందు ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. ముందుకు జరిగి కూర్చుంది. "కొమ్మల్ని వెతకను. ముందు మొదలు పట్టుకుంటాను, ఇదిగో, చెవి వెనక ఎముక దగ్గర. అక్కడి నుంచి దాని వెంటే పోతాను."

"మెయిన్ డిప్పు పట్టుకుంటే లెవెళ్లు అవే దొరుకుతయి" అన్నాడు బావ. గనిలో కిందికి దిగే పెద్దబాట మెయిన్ డిప్పు, దాని పక్కలకు చీలేవి లెవెళ్లు. నేను అర్థం చెప్పేలోపే ఆమెకు అర్థమైంది.

"సరిగ్గా అదే. ఇంకోటి. గడ్డ చుట్టూ పలచటి తొడుగు ఉంటుంది. అది పగలకూడదు. పగిలితే లోపలి ముక్కలు చెదిరి, ఏళ్ల తర్వాత మళ్లీ మొలుస్తాయి. అందుకే కొంచెం మంచి కండతో కలిపి తీస్తాను."

"పాత బాయిల నీళ్లు నిండి ఉంటయి మేడం. పక్కన తవ్వేటప్పుడు నడుమ మందంగ గోడ ఇడుస్తం. కక్కుర్తిపడి గోడ పలచగ చేసినోడు మునుగుతడు."

ఇద్దరూ ఆ బొమ్మ మీద వంగి అరగంట మాట్లాడుకున్నారు. బయట రోగులు తలుపు తోసి చూస్తున్నారు. నా జీవితంలో నేను చూసిన గొప్ప సంభాషణల్లో అదొకటి. ఒకరు వేలెడంత జాగాలో, ఒకరు మైళ్ల పొడుగునా, చేసే పని ఒకటే: చెడ్డదాన్ని తీసేటప్పుడు మంచిదాన్ని కూల్చకుండా రావడం. వచ్చేటప్పుడు ఆమె లేచి నిలబడింది. "ఆలోచించుకుని రండి. మీలాంటివాళ్లకు చెయ్యడం నాకు ఇష్టం."

ఆలోచించుకోవడం అంత సులభం కాలేదు. గోదావరిఖనికి వచ్చిన మూడో రోజు సాయంత్రం బావ క్వార్టర్‌కు ఆరుగురు వచ్చారు, మా షిఫ్టువాళ్లే. అక్క చాయ్ పోసింది. అందరిలో పెద్దాయన గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు.

"సర్దార్ సాబ్, గది పాడుగడ్డ గాదని డాక్టరమ్మే చెప్పిందట గద. ఉండనీయరాదు? మా పోరలు సల్లగుంటరు."

బావ నా వైపు చూశాడు. ఇక తప్పదని లేచాను. "కాకా, గదంత నేను కల్పించిన. గడ్డ గుంజదు, కొట్టుకోదు. ఆ దినం నుసి రాలింది, బావ సూసిండు."

ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన నవ్వాడు. "నువ్వు ఎన్నడు నిజం జెప్పినవ్, గిప్పుడు జెప్పెతందుకు?"

"అమ్మతోడు కాకా!"

"కోడిగుడ్ల మీద గూడ ఒట్టేసినవ్ గద అన్నా" అన్నాడు ఇంకొకడు. "సర్దార్ సాబ్‌కు సిగ్గైతంది, నీతోటి చెప్పిస్తున్నడు."

అబద్ధం చెప్పడానికి నాకు ఒక చాయ్ గ్లాసు సరిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి మా అక్క మూడుసార్లు చాయ్ పెట్టినా కాలేదు. వాళ్లు పోయాక బావ గడ్డ తడుముకున్నాడు. "కన్ను పోతే పోనీ అనుకున్న" అన్నాడు. "గానీ నేను పైపనికి పోతే వీళ్లు ఎవని మొహం సూసి కూసుంటరు?"

మర్నాడు ఫస్ట్ షిఫ్టులో ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మరువను. జాగా అంతా తాను ముందే చూసి, రెండు చోట్ల చుట్టూ ఒకేలా దిమ్మెలు పెట్టించి, ఆ రెంటికీ సుద్దతో గీతలు గీశాడు. మా అందరినీ నిలబెట్టాడు. తన కర్రను పెద్దాయన చేతికిచ్చి, తాను వెనక్కి పోయి మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"రెండిట్ల ఒకటి డొల్ల. ఏదో చెప్పుండ్రి. నన్ను సూడొద్దు."

ఒక్కొక్కరం కొట్టాం. ఒకడు కట్టెలు కొట్టినట్టు కొట్టాడు. ఒకడు రెండూ గట్టివే అన్నాడు, ఒకడు రెండూ డొల్లే అన్నాడు. ఇరవై ఏళ్లుగా దిమ్మెలు నిలబెడుతున్న నేను గట్టిదాన్ని పట్టుకుని డొల్ల అన్నాను. పెద్దాయన ఒక్కడే అరచేయి ఆనించి, తల వంచి, "గిది" అన్నాడు.

"ఎట్ల తెలిసింది కాకా?" అన్నాడు బావ, ఇటు తిరగకుండానే.

"చేతుల తేనెటీగ ఉన్నట్టు అదిరింది."

"నాకూ గట్లనే తెలుస్తది. గడ్డతోని గాదు."

ఆ సాయంత్రమే హైదరాబాద్‌కు ఫోన్ చేసి ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నాడు. సెలవు మొదలయ్యేదాకా రెండు వారాలపాటు రోజూ షిఫ్టుకు ముందు అదే పాఠం. ఎవరినీ తిట్టలేదు. తప్పు చెప్పినవాణ్ని మళ్లీ కొట్టమనేవాడు, అంతే. పదో రోజుకు నాకు కూడా ఆ తేనెటీగ దొరికింది. తన మొహం ఏమవుతుందో తెలియని మనిషి, ఆ రెండు వారాలు మా చెవుల కోసం ఖర్చుపెట్టాడు.

ఆపరేషన్ రోజున నేనూ అక్కా థియేటర్ బయట బల్లమీద కూర్చున్నాం. రెండు గంటలు దాటాక అక్క అంది, "తమ్మీ, ఏదన్న కత జెప్పురా." చెప్పమని అక్క అడగడం అదే మొదలు, ఎప్పుడూ ఆపమనేది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

నాలుగో గంటలో సర్జన్ బయటికి వచ్చింది. టోపీ కింద నుదురు చెమటతో తడిసి ఉంది. "పగలకుండా వచ్చింది. కొమ్మలన్నీ కళ్లారా చూశాను, ఏదీ తెగలేదు. కంటికి పోయే కొమ్మ గడ్డకు అతుక్కుని ఉంటే మెల్లగా విడదీశాను. అది కొన్నాళ్లు అలుగుతుంది. ఎదురుచూడాలి."

అలిగింది. మెలకువ వచ్చి మమ్మల్ని చూసి బావ నవ్వితే ఎడమ సగమే నవ్వింది. కుడికన్ను సగం మూతపడి ఆగిపోయేది. చెవి తమ్మె మొద్దుబారింది, గిల్లినా తెలియదు. ఇంటికి వచ్చాక రోజూ అద్దం ముందు కూర్చుని, సర్జన్ చెప్పిన కసరత్తులు చేసేవాడు. కనుబొమ్మ ఎత్తడం, బుగ్గ ఊదడం, ఈల వేయడం. ఈల బదులు గాలి బుస్సుమనేది. అక్క గంట గంటకూ కంట్లో చుక్కలు వేసేది, పడుకునేముందు రెప్పకు టేపు అంటించేది. ఆయన ఎదురుగా ఆమె ఒక్కసారి కూడా ఆ కన్ను వంక జాలిగా చూడలేదు. నేను వస్తే మాత్రం వాకిట్లోకి వచ్చి మెల్లగా అడిగేది, "ఇయ్యాల కొంచెం ఎక్కువ మూస్తుండు గదరా?" నాకు తేడా కనిపించేది కాదు. కనిపించిందని అబద్ధం చెప్పడానికి ధైర్యం లేదు. "తెలుస్తలేదక్కా" అనేవాణ్ని.

ఐదు వారాలు, ఆరు వారాలు. బావ మాటలు తగ్గాయి. పైపని గురించి ఆయనే ఎత్తాడు ఒకసారి. "ల్యాంపు రూంల కూడ మనుషులే ఉంటరు కదా" అన్నాడు. ల్యాంపు రూం అంటే గని పైన మా టోపీ దీపాలు ఛార్జి చేసి ఇచ్చే గది.

ఎనిమిదో వారంలో ఒక మధ్యాహ్నం అక్క పచ్చిపులుసుకు ఎండుమిరపకాయలు కాలుస్తోంది. ఘాటు క్వార్టరంతా కమ్మింది. నేను దగ్గుతూ బయటికి పరుగెత్తాను. కిటికీలోంచి అక్క కేక వినిపించింది.

"ఓ తమ్మీ! ఇటు రా! సూడు!"

లోపలికి పోయి చూస్తే బావ కుర్చీలో కూర్చుని రెండు కళ్లూ బిగించి మూసుకున్నాడు. రెండూ. కుడికంటి మూల చర్మం ముడుతలు పడింది. నీళ్లు కారుతున్నాయి. అక్క మిరపకాయ పట్టకారుతో పట్టుకునే ఆయన ముందు నిలబడి, "తెరువకు, తెరువకు, ఇంకొంచెం" అంటోంది.

"సంపుతవానే!" అని బావ దగ్గు మధ్యలో అరిచాడు.

ఆ తర్వాత త్వరగానే కోలుకున్నాడు. కంపెనీ దవాఖానలో కళ్లు మూయించారు, తెరిపించారు, రెప్ప మీద వేలు పెట్టి లాగి చూశారు. కిందికి దిగొచ్చని రాసిచ్చారు. హైదరాబాద్‌లో సర్జన్ ఆయనతో ఈల వేయించుకుని విన్నది. చప్పట్లు కొట్టింది కూడా.

ఒక్క మార్పు మిగిలింది. పుల్లటిది తింటే ఆయన కుడిచెవి ముందు చెమట పడుతుంది. మామిడి తొక్కు ముద్ద నోట్లో పెట్టగానే అక్కడ ముత్యాల్లాగా చుక్కలు లేస్తాయి, మిగతా మొహం పొడిగానే ఉంటుంది. ఉమ్మికి పోవాల్సిన సన్న నరాలు దారి తప్పి చెమటకు పోయాయని, ఇలా కొందరికి అవుతుందని సర్జన్ చెప్పింది. ఇది నేను క్యాంటీన్‌లో చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు.

బావ మళ్లీ గనిలోకి దిగిన రోజున మా షిఫ్టంతా ముందే వచ్చింది. చెవి కింద సన్నటి మచ్చ తప్ప ఏమీ లేదని ఒక్కొక్కరు దగ్గరికి వచ్చి చూసుకున్నారు. ఆయన ఎప్పటిలాగే ముందు పోయి, అడుగు అడుగుకూ కొట్టుకుంటూ, వింటూ, మూడో లెవెల్ చివరిదాకా చూసి వచ్చి, "రాండ్రి" అన్నాడు. నేను దిమ్మెలు మోసుకుని వెనక నడిచాను.

లోపలికి కొంచెం పోగానే, అప్పుడు చొక్కా పట్టి లాగించుకున్న బదిలీ మనిషి ఆగాడు. చేతిలో ఒక కర్ర ఉంది. పైకి రెండు దెబ్బలు వేశాడు. అరచేయి ఆనించి ఇంకోటి వేశాడు.

"సర్దార్ సాబ్, కోపం చెయ్యకుండ్రి. గీ మూల నాకు అనుమానమున్నది."

మేమంతా బావ వైపు చూశాం. ఆయన ఆ చోటు గట్టిదని తేల్చి వచ్చాడు. వెనక్కి నడిచి, గోడకు ఆనుకున్న ఆ మూలన కర్రతో కొట్టాడు. ఊపిరి బిగబట్టాడు. ఇంకో జానెడు లోపలికి జరిపి, అరచేయి పెట్టి కొట్టాడు.

"నిజమే" అన్నాడు. "నేను ఈ మూలకు జరగలే. బామ్మర్దీ, గీడ రెండు దిమ్మెలు పెట్టు."

నేను దిమ్మె ఎత్తుతూ ఆయన మొహం మీద వెలుగు వేశాను. బావ ఆ బదిలీ మనిషిని చూస్తూ నవ్వుతున్నాడు. ఎడమ పక్క ముందుగా లేచింది, కుడి పక్క కొంచెం ఆలస్యంగా వచ్చి కలిసింది.